మిషను మీద నడిచిన దూరం

మార్చి 4, సోమవారం

ఈ కొలతల పుస్తకంలో వెనక నలభై పేజీలు ఖాళీగా ఉన్నాయి. ముందు నుంచి తిప్పితే జనం నడుములు, భుజాలు. వెనక నుంచి తిప్పితే ఇక నేను. మా ఆవిడ కొట్లో ప్రతి వస్తువూ సర్దుతుంది కానీ ఈ పుస్తకం జోలికి రాదు. ఒకసారి ఊడిన పేజీలు అంటించబోయి, ఒక లావాటాయన నడుముని ఒక సన్నటాయనకి అంటించింది. ఆ ప్యాంటులో ఆ సన్నటాయనలాంటి వాళ్ళు ఇద్దరు పట్టేవాళ్ళు. అప్పటి నుంచి ముట్టుకోదు.

రోజూ ఎంత నడిచానో రాయమని డాక్టరమ్మ వేరే కాగితం ఇచ్చింది. అది ఆమె చూడటానికి. ఇది నా కోసం.

బీపీ పైన నూట యాభై ఎనిమిది, కింద తొంభై ఎనిమిది. మాత్ర మింగుతూ కూడా ఇంత. బీపీ ఉన్నవాళ్ళు రోజూ నడిస్తే రక్తం గడ్డకట్టే తీరు మారుతుందా అని ఆస్పత్రిలో పన్నెండు వారాలు పరిశీలిస్తారట. చేరతారా అని అడిగింది. నాకు తీరిక ఎక్కడిదమ్మా, రెండు వందల జతల స్కూలు బట్టలు నెత్తి మీదున్నాయి అన్నాను. "మీ ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చిందా?" అంది. అన్నయ్య సంగతి చెప్పాను. చెప్పాక చేరతానని నేనే అన్నాను.

రక్తం తీసే అతన్ని ఆస్పత్రిలో అందరూ దోమ అంటారు. అతనూ పలుకుతాడు. అతను సూది గుచ్చుతుంటే నేను కాస్త గొప్పలకు పోయాను.

"నా రక్తం చాలా మంచిదమ్మా. సూది గుచ్చుకుంటే నలభై లెక్కపెట్టేలోపు ఆగిపోతుంది. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో తెల్లబట్ట మీద ఒక్క చుక్క పడలేదు."

"సూదితో గుచ్చుకుని లెక్కపెట్టడం పరీక్ష కాదు మాస్టారూ" అంది డాక్టరమ్మ. "కానీ ఒకటి చెప్తాను. రక్తంలో ప్లేట్‌లెట్లని చిన్న చిన్న కణాలుంటాయి. ఎక్కడైనా తెగితే అవి ఒకదానికొకటి అతుక్కుని ఆ కంత మూస్తాయి. బీపీ ఎక్కువున్న వాళ్ళలో చాలామందికి అవి ఏమీ తెగకపోయినా అతుక్కోవాలని చూస్తాయి. ఆ గడ్డ మెదడులో నాళానికి అడ్డం పడితే ఏమవుతుందో మీకు తెలుసు."

తెలుసు. అంటే నా ఒంట్లో చిరగని చోట కుట్టు వేసే టైలరు ఒకడున్నాడన్న మాట.

నాకు ఇరవై మూడో నంబరు ఇచ్చారు. అడుగులు లెక్కపెట్టే పట్టీ ఒకటి మణికట్టుకి కట్టారు. పరీక్షకి ముందు రోజూ, ఆ పొద్దున్నా ఒళ్ళు అలిసే పని ఏదీ పెట్టుకోవద్దని రెండుసార్లు చెప్పింది. తల ఊపాను.

అన్నయ్యకి పడిపోయింది కుడి చెయ్యే. అతనూ టైలరే. టైలరుకి రెండు చేతులుంటాయని జనం అనుకుంటారు. ఉండేది ఒకటే, రెండోది దానికి బట్ట పట్టుకుంటుంది.

మార్చి 5

నడిచాను. కొట్టు నుంచి పోస్టాఫీసు దాకా వెళ్ళి రావడానికి ముప్ఫై నిమిషాలు అని డాక్టరమ్మ లెక్క. నాకు గంటా పది నిమిషాలు పట్టింది.

నడకలో నాకున్న చిక్కు బట్టలు. ముందు పోతున్నవాడి ప్యాంటు ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు. అది చూశాక నేను వాణ్ణి దాటి ఎలా పోతాను? ఎవరు కుట్టారో కనుక్కుందామని వాడి వెనకాలే కూరగాయల బజారు దాకా పోయాను. వాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, మూడోసారి పరుగు లంకించుకున్నాడు.

ఇంకో నిబంధన. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అప్పుడే సరైన వేగమట. పాట ప్రయత్నించాను, రాలేదు, బాగుంది. మాట పరీక్షించడానికి పక్కన మనిషి లేడు కాబట్టి నాతో నేనే మాట్లాడుకున్నాను. సరిగ్గా అప్పుడే నిన్న కోటు కొలతలిచ్చిన లాయరు ఎదురొచ్చాడు. నమస్కారం పెట్టాడు కానీ కొంచెం దూరంగా జరిగి పెట్టాడు.

మార్చి 6

కాళ్ళు పీకుతున్నాయి.

మార్చి 7

వాన. నడవలేదు.

మార్చి 8

వాన లేదు. వచ్చేలా ఉంది. నడవలేదు.

మార్చి 9

మా ఆవిడ బూట్లు తెచ్చింది, నడకకి. తెల్లవి. "చెప్పులు అరిగాయని రేపు సాకు చెప్తారు, అందుకే" అంది. ఆమెకి రేపటి సంగతి కూడా తెలిసిపోతుంది.

సూది గుచ్చుకుంది. ముప్ఫై ఎనిమిది లెక్కపెట్టేలోపు ఆగింది. మొన్నటిదాకా ఇది గొప్ప. ఇప్పుడు ఇంత త్వరగా ఆగిందేమిటా అని వేలు పట్టుకుని కూర్చున్నాను.

మార్చి 11, సోమవారం

ఇవాళ ఒక వింత జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మణికట్టు మీద పట్టీ గీసుకుని లాయరు కోటు లోపలి సిల్కు గుడ్డలో పోగు ఒకటి లేచింది. ఒళ్ళు మండి పట్టీ తీసి ఎడమ కాలికి, మడమ పైన కట్టుకున్నాను. అంతవరకే నేను చేసింది. స్కూలు నిక్కర్లు ముందేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం చూస్తే పట్టీలో పదకొండు వేలు. అప్పటికి నేను నడిచింది మంచం నుంచి మిషను దాకా.

పట్టీకి పిచ్చెక్కిందనుకున్నాను. సరే చూద్దామని మిషను పది తొక్కులు తొక్కాను. పది ఎక్కింది. ఇంకో పది. ఇంకో పది ఎక్కింది.

కాసేపు ఆలోచించాను. నేను ఎవర్నీ మోసం చెయ్యలేదు. కాలు కదిలింది, యంత్రం లెక్కపెట్టింది. చదువుకున్న వాళ్ళు తయారు చేసిన యంత్రం అది అడుగంటే, కాదనడానికి నేనెవణ్ణి?

మార్చి 12

ఇంకా ఆలోచిస్తే, రోజంతా మిషను తొక్కేవాడికి వేరే నడకెందుకు? ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయే వాళ్ళకి కావాలి నడక. మేము పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నడుస్తూనే ఉన్నాం, కూర్చుని.

పంతొమ్మిది వేలు.

మార్చి 13

ఇరవై రెండు వేలు. జేబులు కుట్టే రోజు.

మార్చి 14

తొమ్మిది వేలే. కాజాలు కుట్టాను, చేత్తో. రేపు చూసుకుంటాను.

మార్చి 18, సోమవారం

ఆస్పత్రికి వెళ్ళే ముందు గుర్తుగా పట్టీ తీసి మణికట్టుకి కట్టుకున్నాను. దోమ అందులో అంకెలు రాసుకుంటూ ఆగి, నా కాళ్ళ వైపు చూసి, మళ్ళీ అంకెల వైపు చూశాడు.

"మాస్టారూ, ఎక్కడిదాకా నడుస్తున్నారు?"

"అలా ముందుకి" అన్నాను.

డాక్టరమ్మ చాలా సంతోషించింది. ఆమె సంతోషిస్తే నాకూ సంతోషమే అయింది. చిన్నపిల్ల, కోటు భుజాలు జారిపోతున్నాయి, ఎవరు కుట్టారో ఏమో.

మార్చి 24, ఆదివారం

అన్నయ్యని చూసి మూడు నెలలు దాటింది. రెండు వీధుల అవతలే ఇల్లు. వెళ్ళాలి. స్కూలు బట్టలు అయిపోగానే వెళ్తాను.

వెళ్తే అతను మాట్లాడుతున్నంతసేపూ నేను ఒళ్ళో ఉన్న ఆ చెయ్యి వైపు చూస్తూ ఉంటాను. ఎవరో ఇచ్చి, వచ్చేదాకా పట్టుకోమన్న వస్తువులా ఉంటుంది. నాకు కత్తెర పట్టడం నేర్పిన చెయ్యి అది. ఆ చెయ్యి గీసిన గీత మీద దారం వేసి చూసినా పక్కకి పోయేది కాదు.

స్కూలు బట్టలు అవ్వనీ.

ఏప్రిల్ 1, సోమవారం

దోమ వరండాలో పెద్ద కాగితం అతికించాడు. ఎవరు ఎన్ని అడుగులు నడిచారో వరసగా. మొదట ఇరవై మూడో నంబరు. రెండోవాడికి నాలో సగం కూడా లేదు. ఆ రెండోవాడు రిటైరైన బస్సు డ్రైవరు. వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళు కూర్చునే తిరిగాను సార్. ఇప్పుడు నడవాలంటే ప్రాణం పోతోంది. మీ కిటుకేంటో కొంచెం చెప్పండి."

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు. పావుగంట చెప్పాను. నడుము నిటారుగా ఉంచాలన్నాను. చూపు దూరంగా పెట్టాలన్నాను. మనసు నిలకడగా ఉంటే కాళ్ళు వాటంతట అవే ఆడతాయన్నాను. చుట్టూ ఐదుగురు చేరారు. ఒకామె రాసుకుంది.

ఏప్రిల్ 3

మా ఆవిడ పొద్దున్నే బూట్లు చేతిలో పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, రోజుకి ఇరవై వేల అడుగులు నడిచే మనిషి బూట్లు ఇంకా కొత్త వాసన వస్తున్నాయేంటి?"

మంచి కంపెనీవి అన్నాను.

ఆమె కూరగాయలకి వెళ్ళాక బూట్ల అడుగులు గుమ్మం మెట్టు మీద బాగా రుద్దాను. చెమట పట్టింది. ఆ మాటకొస్తే అది కూడా వ్యాయామమే.

ఏప్రిల్ 4

"నడిచేవాళ్ళ మడమలు ఒక పక్కకి అరుగుతాయి. మీవి గుండ్రంగా అరిగాయి" అంది. బూట్లు తీసుకెళ్ళి గుమ్మం పక్కన, బయటికి మొహం పెట్టి, జోడుగా పెట్టింది. నా మొహం మాడిపోయింది.

ఏప్రిల్ 5

బూట్లు అక్కడే ఉన్నాయి.

ఏప్రిల్ 6

అక్కడే.

ఏప్రిల్ 8, సోమవారం

డ్రైవరు కనపడలేదు. నన్ను దాటాలని రోజుకి మూడు పూటలు నడిచి మోకాలు పట్టేయించుకున్నాడట. దోమ చెప్పాడు. "మీరంటే ఆయనకి మహా గౌరవం మాస్టారూ" అని కూడా చెప్పాడు. నాకు మంచినీళ్ళు కావాలనిపించింది.

వచ్చే సోమవారం సగం దారి పరీక్ష. మళ్ళీ రక్తం తీస్తారు.

ఏప్రిల్ 11

పట్టీనైతే మిషను తొక్కి నమ్మించచ్చు. రక్తాన్ని ఏం చెయ్యాలి?

ఏప్రిల్ 12

సూది గుచ్చుకుంది. నేనే గుచ్చుకున్నాను. ముప్ఫై ఆరు.

ఏప్రిల్ 13

మళ్ళీ గుచ్చుకున్నాను, ఇంకో వేలికి. ముప్ఫై ఐదు. పరీక్ష కాదని డాక్టరమ్మ చెప్పిన మాట నిజమే కానీ, చేతిలో ఇంకేం లేనప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఐదారు వారాల నడక బాకీ పడ్డాను. రెండు రోజుల్లో తీర్చాలి.

ఏప్రిల్ 15, సోమవారం

నిన్న మూడుసార్లు పోస్టాఫీసుకి వెళ్ళొచ్చాను. ఆదివారం మూసే ఉంటుందని తెలిసి కూడా వెళ్ళానని కాపలా అతను నా వైపు జాలిగా చూశాడు.

ఇవాళ పొద్దున్న ఆస్పత్రిదాకా పరిగెత్తాను. యాభై నాలుగేళ్ళ మనిషి, తెల్ల బూట్లు, మెడలో టేపు. టేపు తీయడం మర్చిపోయాను. కుక్క ఒకటి కొంతదూరం తోడొచ్చి, తర్వాత నా మీద నమ్మకం పోయి ఆగిపోయింది. ఆస్పత్రి మెట్ల మీద కళ్ళు బైర్లు కమ్మాయి. ఎగశ్వాసతోనే చెయ్యి చాపాను.

"కాసేపు కూర్చోండి మాస్టారూ" అన్నాడు దోమ.

"ఫరవాలేదు, వేడిగా ఉన్నప్పుడే తీసుకో" అన్నాను. పది నిమిషాలు కూర్చోబెట్టి తీశాడు.

ఏప్రిల్ 18, గురువారం

ఫలితం వచ్చింది. డాక్టరమ్మ గదిలో రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. మిగతా అందరిలో కాస్తో కూస్తో అతుక్కునే గుణం తగ్గింది, గడ్డని కరిగించే గుణం పెరిగింది. కుంటుతూ నడిచిన డ్రైవరుకి కూడా. నాలో మాత్రం అతుక్కునే గుణం మొదటి కంటే ఎక్కువైంది.

"అందరికంటే ఎక్కువ నడిచింది మీరు. అందరికంటే చెడ్డ ఫలితం మీదే" అంది. "రాత్రంతా నాకు నిద్ర లేదు. మీలాంటి శరీరాలు కొన్ని ఉంటే, నడవమని చెప్పడమే తప్పేమో. పెద్ద డాక్టర్లకి మీ కేసు విడిగా రాసి పంపుతున్నాను. మీకు రక్తం పల్చబడే మందు మొదలుపెట్టాలేమో కూడా అడుగుతాను."

ఆమె పెన్ను తీసి 'ఇరవై మూడో నంబరు' అని రాసి దాని కింద గీత గీసింది. ఆ గీత కింద ఏదో ఒకటి రాస్తారు. అది చదివి ఎక్కడో ఒక డాక్టరు ఒక టైలరుకో డ్రైవరుకో, నువ్వు నడవక్కర్లేదులే అని చెప్తాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. "వస్తానమ్మా" అని వచ్చేశాను.

ఏప్రిల్ 19

ఏమీ కుట్టలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

పొద్దున్న వదిన కబురు పంపింది, అన్నయ్య ప్యాంట్లు వదులయ్యాయి, వచ్చి కొలత తీసుకోమని. కొలత అంటే నేను తప్పించుకోలేను, అది వదినకి తెలుసు.

అన్నయ్య కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, ఎడమ చేత్తో కర్ర పట్టుకుని. సన్నబడ్డాడు. నేను చెయ్యి వైపు చూడకుండా టేపు తీసి వంగి నడుము, తర్వాత పొడుగు కొలుస్తున్నాను. వంగితే నా ప్యాంటు పైకి లేచింది.

"ఏంట్రా అది కాలికి?"

"అడుగులు లెక్కపెట్టేది అన్నయ్యా. డాక్టరమ్మ ఇచ్చింది."

"చేతికి కదా కట్టుకుంటారు. టీవీ ప్రకటనల్లో కూడా చేతికే ఉంటుంది." ఒక్క క్షణం ఆగాడు. అంతే, ఒక్క క్షణం. "దాంతో మిషను తొక్కుతున్నావా?"

ఆస్పత్రిలో అంతమంది చదువుకున్నవాళ్ళు ఆరు వారాల్లో పట్టుకోలేకపోయింది ఇదే. నేను తల ఎత్తలేదు. అన్నయ్య నవ్వడం మొదలుపెట్టాడు. నోరు ఒక పక్కే నవ్వుతుంది ఇప్పుడు, కానీ నవ్వు పూర్తిగానే ఉంది. కర్ర జారితే వదిన వచ్చి పట్టుకుంది. కుర్చీలో కూర్చోబెట్టాక కూడా నవ్వుతూనే ఉన్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం, అతను ఎడమ చేత్తో, నేను టేపుతో.

తర్వాత అన్నాడు. "రోజంతా మిషను తొక్కేవాడికి వేరే నడకెందుకు అనుకున్నావు కదూ."

నేను ఎవరితోనూ అనలేదు ఆ మాట. ఈ పుస్తకంలో తప్ప.

"నీకెలా తెలుసు?"

"నేను ఇదే మాట అన్నానురా. మూడేళ్ళ కిందట, నడవమన్న డాక్టరుతో. ఒక్క అక్షరం తేడా లేదు. నాకు పట్టీ లేదు, అంతే."

వదిన లోపలికి వెళ్ళిపోయింది.

"నడిచుంటే ఇది రాకపోయేదా అన్నయ్యా?" అన్నాను. మొదటిసారి ఆ చెయ్యి వైపు సూటిగా చూశాను.

"ఎవడికి తెలుసు? నడిచినా వచ్చేదేమో. కానీ నడిచుంటే, నడిచుంటే బాగుండేదని రోజూ అనుకోకుండా అయినా ఉండేవాణ్ణి." అని కర్ర అందుకున్నాడు. "ఇప్పుడు నడుస్తున్నాను. పొద్దున్న ఆరింటికి, ఆ బడి గోడ చివరిదాకా. నువ్వెప్పుడూ చూడలేదు. నాలుగు నెలలుగా ఇటు రావట్లేదుగా."

స్కూలు బట్టలు అన్నాను. నా నోటికే అది అబద్ధంలా వినపడింది. నాకు భయం అన్నయ్యా, అన్నాను తర్వాత. నీ చెయ్యి చూస్తే నా చెయ్యి గుర్తొస్తుంది.

"ఏడిశావులే, రేపు ఆరింటికి రా" అన్నాడు.

ఏప్రిల్ 22, సోమవారం

ఆరింటికి వెళ్ళాను. ఎనిమిదింటికి ఆస్పత్రికి వెళ్ళాను.

డాక్టరమ్మకి అంతా చెప్పాను. పట్టీ, కాలు, మిషను, నిక్కర్లు, పోస్టాఫీసు, పరుగు. బూట్లు రుద్దిన సంగతి కూడా. అది ఆమెకి అక్కర్లేదు కానీ మొదలుపెట్టాక ఆగలేకపోయాను. దోమ తలుపు దగ్గర నిలబడి నోరు తెరిచి వింటున్నాడు.

ఆమె నా కాగితాలు మడిచి సొరుగులో పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పరీక్షకి ముందు పరిగెత్తొద్దని చెప్పానా లేదా?" అంది చివరికి. "అలవాటు లేని ఒళ్ళు ఒక్కసారిగా పరిగెత్తితే రక్తం కంగారు పడుతుంది. అతుక్కునే గుణం అప్పటికి పెరుగుతుంది. రోజూ మెల్లగా, అలవాటుగా నడిస్తే తగ్గుతుందనుకుంటున్నాం. మీరు తగ్గేది మానేసి పెరిగేది చేసి వచ్చారు."

"మరి మిషను తొక్కడం?"

"మడమ ఆడితే చాలదు మాస్టారూ. ఊపిరి ఆడాలి, గుండె వేగం అందుకోవాలి. మీరు మిషను తొక్కుతూ పాట పాడగలరా?"

పాడగలను. రోజూ పాడతాను. ముప్ఫై రెండేళ్ళుగా పాడుతున్నాను.

ఆమె కాగితం తీసి ఇరవై మూడో నంబరు మీద అడ్డంగా గీత కొట్టింది. ఇంకో ఐదు వారాలున్నాయి కదా, ఇప్పటి నుంచి నిజంగా నడుస్తాను, మళ్ళీ మొదలుపెట్టించుకోండి అని బతిమాలాను. తల అడ్డంగా ఊపింది.

"కుదరదు. మీ రక్తం ఇక నాకు పనికిరాదు. మీకు పనికొస్తుంది, నడవండి." కాగితం పక్కన పెట్టి, "చెప్పినందుకు మాత్రం సంతోషం. ఆ ఉత్తరం ఇవాళ సాయంత్రం పంపేదాన్ని" అంది.

పట్టీ విప్పి బల్ల మీద పెట్టాను. వరండా కాగితం మీద నా నంబరు కొట్టేశారు. డ్రైవరు మొదటి స్థానంలో ఉన్నాడు. మోకాలికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. అతనికి కూడా చెప్పాను. నన్ను ఎగాదిగా చూశాడు.

"నడుము నిటారుగా ఉంచాలన్నది కూడా అబద్ధమేనా?"

"అది నిజమే" అన్నాను.

"పోనీలెండి" అన్నాడు.

ఏప్రిల్ 23

నడిచాను.

ఏప్రిల్ 24

నడిచాను. ముందు పోస్టాఫీసు చుట్టూ వేగంగా, నా వాటా. తర్వాత అన్నయ్యతో బడి గోడ వెంట, అతని వాటా.

ఏప్రిల్ 25

వాన. గొడుగు అన్నయ్య పట్టలేడు, ఎడమ చేతిలో కర్ర ఉంది. నేను పట్టుకున్నాను. నా సగం తడిసింది. మా ఆవిడ తల తుడుస్తూ, "ఇన్నాళ్ళకి బూట్లు తడిశాయి" అంది. ఆ మాటలో ఎంత సంతోషం ఉందో ఆమెకే తెలియదు.

ఏప్రిల్ 30

అన్నయ్య అడుగులు పైకే లెక్కపెడతాడు. ఒకటికి రెండు కలుపుతాడు. గోడ చివరికి రాగానే "రెండు వేలు" అన్నాడు. నా లెక్కలో పన్నెండు వందలు. మన వంశమే ఇంత అన్నాను.

మే 6

ముందు పోతున్నవాడి చొక్కా ఒక భుజం దిగి ఉంది. చూశాను. దాటి వెళ్ళిపోయాను.

మే 13, సోమవారం

డాక్టరమ్మ కొట్టుకి వచ్చింది. ఆ మిషను ఒకసారి చూడాలట. కూర్చుని పది తొక్కింది, దారం తెగింది, నవ్వింది. సంచిలోంచి బీపీ యంత్రం తీసి నా చేతికి చుట్టింది. నూట నలభై, కింద ఎనభై ఎనిమిది. "బాగుంది. మాత్ర మానకండి" అంది.

మరి ఆ గడ్డ సంగతి అని అడిగాను. ఆ పరీక్ష పరిశీలనలో ఉన్నవాళ్ళకే చేస్తారట, మామూలుగా చెయ్యరట. అంటే నా రక్తం ఎంత మారిందో, అసలు మారిందో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. ఎవరూ కొలవని నడక నడుస్తున్నాను. అలా అనుకుంటే మొదట బెంగగా అనిపించింది. తర్వాత టీ తాగాను.

వెళ్ళబోతూ తెల్లకోటు ఒకటి కుట్టిపెట్టమంది. అడుగుతుందేమోనని మార్చి నుంచి చూస్తున్నాను.

మే 19, ఆదివారం

అన్నయ్యని కొట్టుకి తీసుకొచ్చాను. రెండేళ్ళ తర్వాత గుమ్మం ఎక్కాడు. తెల్లగుడ్డ బల్ల మీద పరిచాను. నేను కొలతలు చదువుతుంటే అతను ఊరికే కూర్చుని వింటాడనుకున్నాను. నీలం సుద్ద అడిగాడు. ఎడమ చేత్తో తీసుకున్నాడు.

ఒక్క ఎడమ భుజం గీత గీయడానికి అరగంట పట్టింది. నాలుక కొస పంటి కింద పెట్టుకున్నాడు, చిన్నపిల్లల్లా. గీత వంకరగా వచ్చింది. చివర కొంచెం పైకి లేచింది. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "తుడిచేసి నువ్వు గీయి" అన్నాడు.

కత్తెర తీసుకుని దాని మీదే కత్తిరించాను.

మే 24

కాలరు కుడుతుంటే సూది గుచ్చుకుంది. కోటు లోపలి మడతలో ఒక చుక్క పడింది. ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి. మా ఆవిడ చన్నీళ్ళతో తీసేసింది. లెక్కపెట్టడం మర్చిపోయాను.

మే 27, సోమవారం

ఇవాళ్టికి వాళ్ళ పన్నెండు వారాలు అయిపోయాయి. ఆస్పత్రికి వెళ్ళి కోటు ఇచ్చాను. డాక్టరమ్మ తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. కుడి భుజం అచ్చు పోసినట్టుంది. ఎడమ భుజం మీద చెయ్యి వేసి, "ఇక్కడ కొంచెం లేచినట్టుందా?" అంది.

"అది మా అన్నయ్య గీత" అన్నాను.

ఆమెకి అన్నయ్య సంగతి తెలుసు. చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది. "అయితే ఉండనివ్వండి" అని కోటు విప్పకుండానే రోగుల్ని చూడ్డానికి వెళ్ళిపోయింది.

తిరిగొస్తూ అన్నయ్య దగ్గర ఆగాను. కిటికీ దగ్గర నా కోసమే కూర్చున్నాడు.

"కోటు పట్టిందా?"

"పట్టింది."

"భుజం లేచుంటుంది."

"లేచింది."

"మరి కత్తిరించేటప్పుడు సరిచెయ్యలేకపోయావా? గీత వంకరైతే కత్తెర కూడా వంకర పోవాలా?" అని కోప్పడ్డాడు. నాకు పని నేర్పిన రోజుల్లో కోప్పడినట్టే. "నీ చెయ్యి బాగానే ఉందిగా."

ఉంది. బాగానే ఉంది అన్నాను.

"రేపు ఆరింటికి" అన్నాడు.